బావమరిది వైపు వాలిన ఊయల

ఆ కంపెనీలో ఆయన్ని అందరూ బావగారూ అని పిలిచేవారు. నిజానికి ఆయన అక్కడ ఒక్కడికే బావ. ఎత్తైన భవనాల అద్దాలు తుడిచే పనిలో ఆయనకు జోడీగా ఉన్న మనిషి ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను "బావా, నీళ్ళు", "బావా, కాస్త జరుగు" అంటూంటే విని విని మిగతావాళ్ళకూ అదే నోటికి వచ్చింది. స్టోరు గుమాస్తా అలాగే పిలిచాడు, గేటు దగ్గర కాపలావాళ్ళు అలాగే పిలిచారు. జోడీలో రెండో మనిషికి బావమరిది అన్న పేరు దానంతటదే ఖాయమైపోయింది.

పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకే ఊయలలో దిగుతున్నారు. పేరుకు ఊయల గాని, అది నడుమెత్తు కటకటాలున్న పొడవాటి ఇనుప తొట్టి. భవనం పైకప్పు నుంచి రెండు ఉక్కుతాళ్ళ మీద వేలాడుతుంది. అటు చివర ఒక మోటారు, ఇటు చివర ఒక మోటారు. బరువు ఏ వైపు ఎక్కువైతే దిగేటప్పుడు ఆ వైపు ముందు జారుతుంది. బావగారు నూట ఇరవై కిలోలు, బావమరిది డెబ్బై నాలుగు. ఆ తేడా సర్దడానికి నీళ్ళ బకెట్లు, పనిముట్ల పెట్టె బావమరిది వైపే పెట్టేవారు. అవీ చాలక ఐదు కిలోల ఇనుప దిమ్మె ఒకటి సంపాదించి అతని కాళ్ళ దగ్గర తాడుతో కట్టారు. కటకటాకు నడిమధ్య బిగించిన రసమట్టంలో గాలిబుడగ రెండు గీతల మధ్య నిలబడితే ఇక పని మొదలు.

పనిలో చేరిన మొదటి రోజు బావమరిదికి కళ్ళు తిరిగాయి. పదహారో అంతస్తు దగ్గర కటకటా పట్టుకుని బిగుసుకుపోయాడు. అప్పుడు బావగారు, "కిందికి చూడకు. లోపలికి చూడు. ఏం కనపడుతోందో నాకు చెప్పు" అన్నారు. లోపల ఒక పెద్దాయన బల్ల కింద చెప్పులు వదిలేసి పాదాలు ఒకదానితో ఒకటి గోక్కుంటున్నాడు. బావమరిది అదే చెప్పాడు. తర్వాత గదిలో ఇంకేదో చెప్పాడు. నేల చేరేసరికి భయం సంగతి మరిచిపోయాడు. అప్పటినుంచి అదే అలవాటు. ఒకరు చూసి చెప్పడం, రెండోవారు అడగడం. ఇంకెవరితోనూ అతను ఊయల ఎక్కలేదు, ఎక్కనని కూడా చెప్పేశాడు.

ఇలా ఉండగా కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడు. ఎవరితోనైనా మర్యాదగానే మాట్లాడతాడు, లెక్క దగ్గర మాత్రం వదలడు.

"ఊయల మోసేది రెండు వందల నలభై. సామాను, బెల్టులు, దిమ్మె అన్నీ కలిపి యాభై ఐదు. మనుషులకు మిగిలేది నూట ఎనభై ఐదు. మీరిద్దరూ నూట తొంభై నాలుగు ఉన్నారు బావగారూ."

"పద్నాలుగేళ్ళుగా ఏం కాలేదు కదండీ."

"అయ్యాక ఆలోచిద్దామంటారా?"

బావగారు బెల్టు సర్దుకున్నారు.

"మూడు నెలలుంది," అన్నాడు ఆఫీసరు. "సంవత్సరాంతపు సెలవులు అయి పనిలోకొచ్చిన మొదటి రోజు తూస్తాను. అప్పటికీ ఎక్కువుంటే మీకు కింద పని ఇస్తాను. ఆయనకు వేరే జోడీని చూస్తాను."

కింద పని అంటే రోడ్డు మీద ఎర్రగుడ్డ కట్టిన తాడు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళను పక్కకు పొమ్మనడం. బావగారికి అందులో నామోషీ ఏమీ లేదు. పైన బావమరిది బిగుసుకుపోయి ఉంటాడే, వాడికి లోపలికి చూడమని ఎవరు చెప్తారన్నదే ఆయన బెంగ.

ఆ రాత్రే ఇంట్లో సంగతి చెప్పారు. ఆయన భార్య అంతా విని, కంచంలో వడ్డించబోయిన గరిటెను మళ్ళీ గిన్నెలోకి వంచేసింది. "రేపటినుంచి కాదండీ, ఇప్పటినుంచే" అంది.

ప్రతి శనివారం ఇద్దరూ స్టోరులో డ్రమ్ములు తూచే కాటా ఎక్కేవారు. ఒక్కరే ఎక్కడానికి బావగారు ఒప్పుకోలేదు. తన అంకె నలుగురిలో పలకడం ఆయనకు సిగ్గు. ఇద్దరూ కలిసి నిలబడితే అందులో ఎవరిదెంతో ఆ కాటాకు కూడా తెలియదు. ఇంటికెళ్ళే దారిలో మొత్తంలోంచి బావమరిది డెబ్బై నాలుగూ తీసేసుకుంటే తన లెక్క తనకు తేలిపోతుంది. మొదటి ఆరు వారాల్లో నూట తొంభై నాలుగు నూట తొంభై అయింది. గుమాస్తా పుస్తకంలో రాసుకుంటూ, "కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలంటారు. మీ ఇంట్లో కూడు కుండలోనే ఉంది, దుడ్డే తగ్గిపోతోంది బావగారూ" అని నవ్వాడు.

ఆ తర్వాత సెలవుల కాలం వచ్చింది. ఆఫీసులన్నిట్లో విందులు మొదలయ్యాయి. అద్దానికి అవతల, జానెడు దూరంలో, తెల్లగుడ్డ పరిచిన బల్లలు. కేకులు, బిస్కెట్లు, నేతిలో వేయించిన జీడిపప్పు, రంగు కాగితాల్లో చుట్టిన చాక్లెట్లు. బావగారు రబ్బరు పట్టీతో నీళ్ళు లాగుతూనే తినేవాళ్ళను కళ్ళార్పకుండా చూసేవారు. ఒకావిడ కేకు ముక్క వద్దని, అందులో మూల మాత్రం కోసుకుంది. అలా ఏడు మూలలు కోసుకుంది. ఇంకొకాయన చెయ్యి ఊపి వద్దనేసి, గది ఖాళీ అయ్యాక ఒక్కడే వచ్చి నిలబడే మూడు ముక్కలు తిన్నాడు. సన్నగా ఉన్న కుర్రాడు ఒకడు అందరికన్నా ఎక్కువ వడ్డించుకుని, కబుర్లలో పడి పళ్ళెం కిటికీ గట్టు మీద మరిచిపోయాడు.

"వీడికి ఆకలి లేకా, రుచి తెలియకా?" అన్నారు బావగారు.

"వాడికి కబుర్లున్నాయి బావా. మనకు అద్దమే ఉంది."

అద్దం ఒక్కటే అయితే బాగానే ఉండేది. పైకప్పుకు వెళ్ళే మెట్లు ఆఖరి అంతస్తు వంటగదిని ఆనుకుని ఉంటాయి. అక్కడ టీ పెట్టే ఆవిడ విందుల్లో మిగిలినవన్నీ పళ్ళేల్లో సర్ది ఈ ఇద్దరికోసం ఉంచేది. మొదటి పళ్ళెం చూడగానే బావగారి నోట్లో నీళ్ళు నిండిపోయాయి. అయినా చేతులు వెనక్కి కట్టుకుని, "నాకొద్దమ్మా, మా బావమరిదికి ఇవ్వండి" అన్నారు.

అన్నారే గాని, ఆ గోధుమరంగు కేకు లోపల ఏముందో తెలుసుకోకుండా ఉండలేకపోయారు. మెట్లెక్కుతూ అడిగారు.

"ఎలా ఉందిరా?"

"బాగుంది బావా."

"బాగుందంటే? రోజూ చూసి చెప్పేవాడివి, ఇదా చెప్పడం?"

బావమరిది ఇంకో ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "పైన గరుకుగా ఉంది. లోపల తడి. నమిలాక ఏదో పులుపు తగులుతోంది. నిమ్మ కాదు. ఉండు, ఇంకోటి తిని చెప్తా."

నారింజ తొక్క అని నాలుగో ముక్కకు తేలింది. బావగారికి అదేమిటో, తిన్నంత తృప్తిగా అనిపించింది. ఆ రోజునుంచి ఆయన అడగడం, అతను తిని చెప్పడం. తినాలన్న కోరికలో సగం తెలుసుకోవాలన్న కోరికేనని ఆయనకు అర్థమైంది. ఆ సగాన్ని చెవులతో తీర్చుకుంటే మిగతా సగాన్ని పళ్ళు బిగించి ఆపుకోవచ్చు. ఇంట్లో ఆయన భార్య కూడా తన వంతు చేసింది. చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చిన మిఠాయి డబ్బాలు ఆయన కంట పడకుండా వీధి చివర తమ్ముడింటికి చేరవేసేది.

బావగారి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. చొక్కా భుజాల మీద వదులైంది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. కాని శనివారం కాటా నూట తొంభై అంది. మరుసటి శనివారమూ నూట తొంభై. ఆపై వారం నూట తొంభై ఒకటి.

ఇది ఆయనకు అంతుపట్టలేదు. ముందు కాటాను అనుమానించారు. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా ఎక్కించి చూశారు. డబ్బాతో కలిపి ఇరవై ఒకటి చూపించింది. అబద్ధం ఆడటం లేదు. బూట్లు విప్పి ఎక్కారు. జేబుల్లోంచి తాళాలు తీసేశారు. తినేవన్నీ ఒక కాగితం మీద రాసి భార్యకు చూపించారు. ఆవిడ రెండుసార్లు చదివి, "ఇంతకన్నా తగ్గిస్తే ఇక నాకు కంచం కడిగే పనే ఉండదు" అంది. బెల్టు తగ్గి బరువు పెరగడమేమిటని ఆయన నడుస్తున్నా అదే ఆలోచన, కూర్చున్నా అదే. తన ఒంట్లో ఎక్కడో రాయి పెరుగుతోందేమోనని కూడా అనుకున్నారు. సెలవులకు ఇక వారం రోజులే ఉంది. తూకానికి రెండు వారాలు.

సంగతి బయటపెట్టింది రసమట్టం.

ఆ పొద్దున ఊయల రెండంతస్తులు దిగిందో లేదో బుడగ గీతలు దాటి బావగారి వైపుకు వచ్చేసింది. బుడగ ఎప్పుడూ పైకి లేచిన వైపుకే పోతుంది. అంటే ఆయన వైపు తేలింది. ఆయన మోటారు ఆపి, బావమరిది కాళ్ళ వైపు చూశారు. బకెట్లు ఉన్నచోటే ఉన్నాయి. పెట్టె ఉంది. దిమ్మె ఉంది. కొత్తగా ఏమీ లేదు.

అప్పుడు కాళ్ళ మీదుగా చూపు పైకి తీసుకెళ్ళారు. బావమరిది బెల్టు కొసదాకా వచ్చి, ఆఖరి రంధ్రంలో ఆగి ఉంది. చొక్కా కింది బొత్తాం పెట్టుకోలేదు. పద్నాలుగేళ్ళలో లోపలికి చూడమన్నవాడే గాని, పక్కకు ఎప్పుడూ చూడలేదాయన.

"ఒరేయ్. నువ్వెంతున్నావు?"

"నేనా? డెబ్బై నాలుగు."

"ఎప్పుడు తూచుకున్నావు?"

బావమరిది ఆలోచించాడు. "పెళ్ళప్పుడు."

మధ్యాహ్నం ఇద్దరూ స్టోరుకు వెళ్ళారు. గుమాస్తా భోజనానికి వెళ్ళేదాకా ఆగి ఒకరి తర్వాత ఒకరు కాటా ఎక్కారు. బావగారు నూట తొమ్మిది. బావమరిది ఎనభై రెండు. బావగారు తగ్గించినదాంట్లో ముప్పాతిక వంతు ఇటు నుంచి అటు మారిందన్నమాట.

బావమరిది తల వంచుకుని నిలబడ్డాడు. "నువ్వు అడిగావని తిన్నాను బావా. నాకు అంత తీపి పడదు కూడా. ఒక్క ముక్కతో నువ్వడిగినవన్నీ చెప్పడం రాదు నాకు. అక్క డబ్బాలు పంపితే, తిరిగి పంపితే నీ కంట పడతాయని అవీ..."

"మీ ఆవిడ ఏమీ అనలేదా?"

"పద్నాలుగేళ్ళు బావ పక్కన పనిచేసినందుకు ఇప్పటికి కాస్త ఒళ్ళు పట్టిందంది."

బావగారికి కోపం రాబోయి నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. ఆరు కిలోలు, రెండు వారాలు, మధ్యలో సెలవుల భోజనాలు. ఆ సాయంత్రం ఊయల సమం చేయడానికి ఇనుప దిమ్మె విప్పి పైకప్పు మీద ఓ మూల పడేశారు. ఒక బకెట్టు బావగారి వైపుకు మార్చారు. బుడగ మధ్యకు వచ్చింది.

సెలవు రోజున రెండు కుటుంబాలూ బావగారింట్లో కూర్చున్నాయి. అక్కగారు ఎంత వద్దనుకున్నా బల్ల నిండిపోయింది. నడుమ ఒక కేకు, గోధుమరంగుది. అక్కగారే ఒక షరతు పెట్టింది. "ఏదైనా సరే ఇద్దరికీ ఒక్క చెంచా. తిని దాని గురించి ఒక మాట చెప్పాలి. రెండో చెంచా కావాలంటే కొత్త మాట చెప్పాలి. చెప్పిందే చెప్తే లేదు."

"అక్కా, ఇది నాకు అన్యాయం. నా మాటలన్నీ ఆరు వారాల్లో అయిపోయాయి."

"అందుకే పెట్టానురా."

బావగారు కేకు నోట్లో పెట్టుకున్నారు. నెలన్నరగా చెవులతో తిన్న కేకు. అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఆయన మెల్లగా నమిలారు. నారింజ తొక్క కోసం వెతికారు. దొరికింది, కాని కాస్తే. మిగతాది తీపి, అంతే.

"చెప్పు బావా."

"నువ్వు చెప్పిందే దీనికన్నా బాగుందిరా," అన్నారాయన. రెండో చెంచా అడగలేదు.

పనిలోకి వచ్చిన మొదటి రోజు ఆఫీసరు కాటా పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఎక్కారు. ముల్లు అటూ ఇటూ ఊగి నూట ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది.

"మూడు ఎక్కువ," అన్నాడు ఆఫీసరు. "బాగా తగ్గారు బావగారూ. కాని మూడు ఎక్కువే."

బావమరిది కాటా దిగలేదు. కటకటా ఏమీ లేకపోయినా చేత్తో దేన్నో పట్టుకోబోయాడు. బావగారు ఆ చెయ్యి చూశారు. పదహారో అంతస్తు చెయ్యి అది. దాని వెంటే ఆ తాడు, ఆ దిమ్మె గుర్తొచ్చాయి.

"బాబూ, సామాను యాభై ఐదన్నారు కదా. అందులో దిమ్మె ఉందా?"

"ఉంది. ఐదు కిలోలు."

"అది ఇప్పుడు లేదు. రెండు వారాలుగా పైకప్పు మీదుంది. మా ఇద్దరి తేడా కోసం పెట్టుకున్నాం. ఇప్పుడంత తేడా లేదు మాకు."

ఆఫీసరు పుస్తకం మూసి మెట్లెక్కాడు. వెనకే ఇద్దరూ. మూలన దుమ్ము పట్టిన దిమ్మెను కాలితో కదిపి చూశాడు. సామానంతా మళ్ళీ తూయించాడు. యాభై. ఇద్దర్నీ ఊయలలో నిలబెట్టి ఒక అంతస్తు దించి, రసమట్టం మీదికి వంగి, బుడగను చాలాసేపు చూశాడు. అది రెండు గీతల మధ్యే ఉంది.

"మనుషులకు నూట తొంభై," అని రాసుకున్నాడు. "రెండు కిలోలు మిగిలాయి. వాటి జోలికి పోకండి. వచ్చే నెల మళ్ళీ తూస్తాను. ఈసారి విడివిడిగా."

"విడివిడిగానే తూయండి," అన్నారు బావగారు.

ఆఫీసరు వెళ్ళాక ఊయల మెల్లగా దిగింది. పదహారో అంతస్తులో విందు బల్ల తీసేశారు. కిటికీ గట్టు మీద మాత్రం పసుప్పచ్చ డబ్బా ఒకటి, మూత సగం తెరిచి, ఎవరో మరిచిపోయినట్టుంది. బావమరిది అద్దానికి ముక్కు ఆనించాడు.

"లోపలేముందంటావు బావా?"

బావగారు రబ్బరు పట్టీ ఆపి, తలవంచి, మూత సందులోకి చూశారు. కాగితం అంచు ఒకటి కనపడుతోంది. ఇంకేదో గుండ్రంగా ఉంది.

"ఆగు," అన్నారు. "ఆ మరక తుడవనీ."