అంజయ్య మామ నడుం, నా ఎడమకాలు, ఒక యాప్

ఒక పెద్దమనిషిని మా ఇంటి అరుగు మీద పశువులా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి, అటూ ఇటూ కదలకుండా బిగించి, వాడకట్టునంతా ప్రేక్షకులను చేసిన ఘనత నాది. అదీ తాళ్ళతో కాదు, ఫోన్‌తో. జరిగింది జరిగినట్టు చెప్తాను. నవ్వేవాళ్ళు నవ్వండి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం మెల్లగా నవ్వండి.

ముందు నా ఎడమకాలి సంగతి చెప్పాలి. నేను పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు వచ్చాయట. లోకంలోకి వచ్చే పద్ధతి ఇది కాదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. అలా పుట్టినవాళ్ళు ఎడమకాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని మా సిరిసిల్లలో నమ్మకం. మా వాడలో ఏ ఇంటికి పోయినా సాంచల మీద పనిచేసేవాళ్ళే. మరమగ్గాలను మేం సాంచలనే అంటాం. రోజంతా నిలబడి, వంగి, తెగిన పోగులు అతికే నడుములు కదా, నాకు నడక వచ్చిన నాటి నుంచీ తీరిక లేదు.

నేనేమో దుకాణంలో చింతపండు అడగడానికి కూడా దారంతా మాట సరిచూసుకుంటూ పోయే రకం. అలాంటి దాన్ని పొద్దున్నే ముఖం కడగకముందే వాకిట్లోకి లాక్కొచ్చి, తాత వయసువాళ్ళను తన్నమంటారు. తన్నిన తర్వాత, పెద్దవాళ్ళకు కాలు తగిలిన పాపం పోవడానికి వాళ్ళ కాళ్ళకే దండం పెట్టాలి. నొప్పి తగ్గినా తగ్గకపోయినా వాళ్ళు నన్ను చల్లగా ఉండమని దీవించి, గోడ పట్టుకుని వెళ్ళిపోతారు.

డిగ్రీ అయ్యాక ఈ కొలువు మానేయాలని నిశ్చయించుకున్నాను. పుస్తకాలు చదివే పిల్లను, నాకంటూ కొంత శాస్త్రీయ దృక్పథం ఉండద్దా?

సరిగ్గా అప్పుడే అంజయ్య మామ వచ్చాడు. మా నాన్న, అంటే బాపు, నడిపే సాంచల పక్కవాటి మీదే పనిచేస్తాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, ఆ రోజు మాత్రం కొడవలిలా ఉన్నాడు.

"కోడలా, నడుం పట్టుకున్నది. జర తన్నరాదూ! సాంచ కాడికి పోకపోతె సేటు నా జాగల ఇంకొకన్ని పెడ్తడు."

ఒక మనిషి పనంతా నా కాలి మీద ఆధారపడి ఉండటం ఎంత అన్యాయం! తల దించుకునే అన్నాను: "మామా, గిప్పుడు ఎవ్వలు తన్నిచ్చుకుంటలేరు. ఫోన్ల యాప్ ఉన్నది."

"యాప్ తంతదా?"

"తన్నదు. కసరత్తు నేర్పిస్తది."

"తన్నకుంట ఎట్ల తగ్గుతది?" అన్నాడు మామ, అనుమానంగా.

మామ ఫోన్ తీసుకుని నడుం నొప్పి అని కొట్టగానే యాప్‌లు జాతరలో జనంలా వచ్చిపడ్డాయి. నవల కొనాలంటే రచయిత ఎవరో, ముందుమాట ఏమందో చూసే నేను, మామ నడుముకు మాత్రం బొమ్మ బాగున్న యాప్‌ను ఎంచుకున్నాను. దాన్ని ఎవరు తయారుచేశారో, ఏ వైద్యుడైనా చూశాడో లేదో ఎక్కడా లేదు. సముద్రపు ఒడ్డున చాప పరుచుకుని ఒక అమ్మాయి నవ్వుతోంది. ఆమెకు ఏనాడైనా నడుం నొచ్చిందనడానికి ముఖంలో ఏ ఆధారమూ లేదు.

యాప్ మొదట మామ ఫోన్‌లోని నంబర్లన్నీ చూస్తానంది.

"నొచ్చేది నా నడుమైతె మా బామ్మర్ది నంబరెందుకు దీనికి?"

"ఏమో మామా, సరే అను."

తర్వాత నొప్పి ఎంతుందో చెప్పమని వరసగా ముఖాల బొమ్మలు చూపింది. మామ మొదటి బొమ్మ మీద వేలు పెట్టాడు. "గీ నవ్వెటోడు గిండ్ల ఎందుకున్నడు కోడలా? నొప్పి లేనోడు యాప్లకెందుకొచ్చిండు?"

నేను ఏడ్చే ముఖం నొక్కాను. యాప్ కాసేపు గిరగిర తిరిగి, రోగం కనిపెట్టింది: "మీరు ఎక్కువసేపు కూర్చుంటున్నారు. తరచుగా లేచి నిలబడండి."

మామకు నొప్పి కంటే కోపం ఎక్కువైంది. "కూసుంటున్ననా? నేనా? పొద్దంత నిలవడే గదా గీ నడుం పోయింది! నేను కూసున్ననని దీనికెవ్వలు చెప్పిండ్రు? సేటు చెప్పిండా?"

అక్కడే ఆపితే మీకు ఈ కథ ఉండేది కాదు. నేను ఆపలేదు. కసరత్తుల వరసలో పిల్లి భంగిమ నొక్కాను. జలుబు చేసిన పంతులుగారిలా ఒక గొంతు పలికింది: "మోకాళ్ళు, అరచేతులు నేలపై ఉంచి, మీ వెన్నెముకను ఆకాశానికి అర్పించండి."

"ఏంది, అర్పించుడా?"

"నడుం మీదికి లేపుమంటుంది మామా."

మామ లేపాడు. కెవ్వుమన్నాడు. అలాగే ఉండిపోయాడు.

"కోడలా... పట్టేసింది. ముందుకు పోతలే, ఎనకకు వస్తలే."

"అద్భుతం!" అంది యాప్. "మీరు చక్కగా చేస్తున్నారు. ఈ భంగిమ నుంచి బయటికి వచ్చే విధానం కోసం ప్రీమియం సభ్యులుగా చేరండి."

గమనించారు కదా. లోపలికి పోవడం ఉచితం, బయటికి రావడానికే రుసుము. వద్దని నొక్కితే పరుపుల ప్రకటన మొదలైంది. ఒక కుటుంబమంతా హాయిగా పడుకుని పాట పాడుతోంది. ఆ పాటకు వాడకట్టు కదిలింది. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది.

"అంజన్నా! గట్ల వంగినవేందే? ఏమన్న పోయిందా?"

"ఏం పోలే చెల్లె. నీ బిడ్డ నన్ను పిల్లిని జేసింది."

పక్కింటి రాజవ్వ కళ్ళు చిట్లించి చూసి, "పిల్లి గాదు, బర్రె లెక్కున్నడు," అని తీర్పు చెప్పింది.

"యాప్ లేదు గీప్ లేదు, తన్నవే రజితా!" అని అవ్వ ఉరిమింది. "తన్ను బిడ్డా!" అని వాడంతా అందుకుంది.

మామ నుదుటి చెమట అరుగు మీద బొట్లుబొట్లుగా పడుతోంది. "సాంచ పోతది కోడలా," అన్నాడు చిన్నగా. నేను కాలెత్తాను. తంతే ఈ మనిషి ముఖం పోయి బండకు తగులుతుంది. నడుముకు ఇంకేమైనా అయితే? ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండగా, నా నోట్లోంచి ఒక కేక వచ్చింది: "నేను తన్న!"

వాడ చివర దాకా వినబడిందట. నా గొంతుకు నేనే జడుసుకున్నాను. మామ నాకంటే ఎక్కువ జడుసుకుని పక్కకు ఒరిగిపోయాడు. ఆ ఒరగడంతో బిగుసుకున్న నడుం కొంచెం వదలగానే కాళ్ళు చాపుకుని, "అమ్మయ్య" అన్నాడు.

బాపు ఆటో తెచ్చి ఆయనను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ కండరం పట్టేసిందని చెప్పి, మందులిచ్చి, తేలికపాటి కసరత్తులు పక్కన నిలబడి చేయించింది. ఎలా మొదలుపెట్టాలో, ఎలా ఆపాలో రెండూ చెప్పింది, అదీ ఉచితంగా. మామ తిరిగి వచ్చేదాకా బాపే ఆయన సాంచలు కూడా చూసుకుని జాగా నిలబెట్టాడు.

మరి పేరెవరికి వచ్చిందంటారు? డాక్టరమ్మకా? బాపుకా?

"తన్ననే లేదు! ఊకె కాలెత్తింది, గంతే! మనిషి సాపైండు!" అని రాజవ్వ ఊరంతా చాటింది. ఒకప్పుడు వాడవాళ్ళే వచ్చేవారు, ఇప్పుడు పెద్దపల్లి నుంచీ వస్తున్నారు. "తన్నుడెందుకు బిడ్డా, జర కాలెత్తు, చాలు." ఆసుపత్రికి పొమ్మని చెప్తే, "పోయే వచ్చినం, ఎత్తు," అంటారు.

బోథ్‌లో ఉండే మామ చెల్లెలైతే ఏకంగా వీడియో కాల్ చేసింది. "బస్సుల అంత దూరం వస్తె ఉన్న నడుం గూడ పోతది. ఫోన్లనే ఎత్తు బిడ్డా."

అవ్వ ఫోన్ పట్టుకుంది. నేను కాలెత్తాను.

"జర కిందికి... వేళ్ళే కనవడ్తున్నయి... ఆఁ, గట్లనే. అబ్బ, ఎంత హాయి!"

కాలికి విశ్రాంతి ఇద్దామని యాప్ తెచ్చాను. చివరికి నేనే యాప్‌నయ్యాను. ప్రకటనలు లేవు, ప్రీమియం లేదు, తయారుచేసినవాళ్ళ పేర్లు మాత్రం వాడంతటికీ తెలుసు.

కాబట్టి మా వాడకట్టు నడుములన్నీ సాక్షిగా, ఎడమకాలు నేలకు గట్టిగా ఆనించి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరి నడుముకూ యాప్ చెప్పను. అరుగు మీద ఎవరినీ పిల్లిని చేయను. ఎవరు ఎంత బతిమాలినా ఈ కాలు నేల విడిచి...

"కాలు కడుక్కోని జల్ది రావే రజితా! నిర్మల్ నుంచి వీడియో కాల్!"

...ఈ ఒక్కసారికే.