షట్టర్ కింద గుమ్మడికాయ

కామారెడ్డి నుంచి వచ్చిన ఆ షట్టర్ మెకానిక్ పేరు మరిచిపోయాను గాని, అతని చేయి మరవలేదు. జేబులో టేపున్నా దేన్నైనా ముందు జానతోనే కొలిచేవాడు. ఎల్లారెడ్డిలో మా కారు షెడ్డుకు మోటారు షట్టర్ బిగించిన రోజు, అక్కడే ఆడుకుంటున్న మా పాప తలమీద కూడా జాన పెట్టి చూశాడు. ముద్దు చేస్తున్నాడనుకున్నాం.

"అవ్వా, గుమ్మడికాయ ఉన్నదా? గింతది చాలు," అన్నాడు మా అమ్మతో, అదే జాన చూపిస్తూ.

దిష్టి తీయడానికేమో అనుకుని అమ్మ కాయకు పసుపు కుంకుమ పెట్టి తెచ్చింది. దాన్ని షట్టర్ దిగేచోట పెట్టి, అతను రిమోట్ నొక్కాడు. దిగిన షట్టర్ ఆగకుండా కాయను నలిపేసింది.

"దిష్టి పోయింది," అని అమ్మ దండం పెట్టుకుంది.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కాయ పగలొద్దు అవ్వా. తాకంగనే షట్టర్ ఆగి మళ్ల మీదికి పోవాలె. పాప తలకాయంత ఉండాలనే గింతది అడిగిన."

అతను మోటారు సరిచేసి ఇంకో కాయ అడిగాడు, జాన పెట్టి చూసుకున్నాడు. ఈసారి షట్టర్ కాయను తాకి పైకి లేచింది.

అయినా ఆ రోజంతా అమ్మ పాపను చంకలోంచి దించలేదు.