దీనా ఉపవాసాలు

తొంభై ఎనిమిదిలో దీనా నర్సీపట్నం వచ్చి డిగ్రీలో చేరింది. వాళ్ల నాన్న తోమా కొయ్యూరు చుట్టుపక్కల సంతల్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. వానలు ముదిరితే సంతలకి జనం రారు. జనం రాకపోతే దీనాకి బస్సు మీద వెయ్యాల్సిన బియ్యం మూట ఆలస్యమయ్యేది.

మహాలక్ష్మమ్మ గారింటి పెరట్లో ఒక గది ఉంటే, నక్కపల్లి వైపు నుంచి వచ్చిన లావణ్యతో కలిసి అద్దెకు తీసుకుంది. లావణ్య వాళ్లకి పొలం, జీడితోట ఉన్నాయి. స్టవ్ ఒకటే, గిన్నె ఒకటే. ఎసట్లో చెరో గ్లాసు బియ్యం పొయ్యాలన్నది మొదటిరోజు దీనా పెట్టిన షరతు. కూరగాయలు చీకటి పడే వేళకి వెళ్లి, కొట్లు కట్టేస్తుంటే కొనేవాళ్లు. పుస్తకాలు సీనియర్ల దగ్గర తీసుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినేవాళ్లు.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. దీనా డబ్బాలో బియ్యం అడుక్కి వచ్చేశాయి. ఒక బుధవారం పొద్దున్న లావణ్య బియ్యం కడుగుతుంటే, "నావి వెయ్యకు, నాకివాళ ఉపవాస ప్రార్థన," అంది దీనా.

లావణ్య నమ్మింది. తను శనివారాలు ఉంటుంది కదా, వీళ్లకీ ఉంటాయి కాబోలు అనుకుంది. తర్వాత శుక్రవారం కూడా ఉపవాసమే అయింది. ఆ పై వారానికి సోమవారం కూడా కలిసింది.

ఈ సంగతి మహాలక్ష్మమ్మ చెవిన పడింది. ఆ సాయంత్రం ఆవిడ పళ్లెంలో అట్లు, అల్లప్పచ్చడి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మాలో ఇలా ఫలహారం ఉండదండి మామ్మగారూ," అంది దీనా, అట్ల వాసనకి నోట్లో నీళ్లూరుతుంటే.

"మీలో లేకపోతే మాలో ఉంది. ఉపోషం ఉన్నోళ్లకి పెడితే నాక్కూడా పున్నెవే. తిను."

ఇలా ఉపవాసం ఉన్న రోజే దీనాకి కమ్మటి తిండి దొరకడం మొదలైంది. ఒక్కోసారి రేపు కూడా ఉపవాసమంటే ఏం పోయిందని మనసు లాగేది. ఆ వెంటనే సిగ్గేసేది. భాద్రపదంలో బియ్యం మూట వచ్చింది. హమ్మయ్య, ఇక అబద్ధాలు అక్కర్లేదనుకుంది.

సరిగ్గా అప్పుడే, తెల్లారీ తెల్లారకముందే మహాలక్ష్మమ్మ తలుపు తట్టింది. యలమంచిలిలో ఉన్న ఆవిడ కూతురు లోవలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయిట, కాన్పు కష్టంగా ఉందని కబురొచ్చింది. చేతిలో సంచి, కళ్లనిండా నీళ్లు.

"నాను బస్సుకెల్తన్నానమ్మా. నీ ఉపోషాల మీద నాకు నమ్మకం. ఈయాల ఒక్కరోజు మా పిల్ల కోసం ఉండి మీ దేవుణ్ని అడుగు."

ఆవేళ గదిలో నిండా బియ్యం ఉన్నాయి. పైగా లావణ్య గోంగూర పప్పు చేసింది. దీనా ముద్ద ముట్టలేదు. కాలేజీకి వెళ్లింది, వచ్చింది, చాప మీద మోకరించి చీకటి పడేదాకా ప్రార్థన చేసింది. ఇన్నాళ్లూ ఆకలేసినప్పుడల్లా తన కడుపే గుర్తొచ్చేది. ఆ రోజు మాత్రం ఆకలేసినప్పుడల్లా, మొహం కూడా తెలియని లోవలక్ష్మి గుర్తొచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మహాలక్ష్మమ్మ తిరిగొచ్చి ఆ సంగతి వీధంతా చెప్పింది. మర్నాడు ఎదురింటి సోమలమ్మ తన మోకాళ్ల కోసం ఒక పూట ఉపవాసం ఉండమని అడిగింది. సాయంత్రం వీధి చివరింటి సూరన్న వచ్చి, తప్పిపోయిన మేకపోతు గురించి కూడా ఒక మాట దేవుడి చెవిన వెయ్యమన్నాడు.

దీనా ఇక ఆగలేకపోయింది. అరుగు మీద కూర్చుని ఉన్న మహాలక్ష్మమ్మ దగ్గరికి లావణ్యని కూడా తీసుకెళ్లింది.

"మామ్మగారూ, లోవలక్ష్మక్క కోసం ఉన్నదొక్కటే నిజం ఉపవాసమండి. మిగతావన్నీ బియ్యం లేక చెప్పినవి."

మహాలక్ష్మమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. కోపం లావణ్యకి వచ్చింది.

"నా డబ్బాలో బియ్యం నీకు కనపడలేదేటే?"

"కనపడ్డాయి. అందుకే ఉపవాసమన్నాను."

లావణ్య రాత్రి పడుకోబోయే ముందు లేచి, దీనా మూట విప్పి ఆ బియ్యం తన డబ్బాలో పోసి కలియబెట్టేసింది. "ఇప్పుడు నీయేవో నాయేవో ఏరుకో," అని దుప్పటి ముసుగేసుకుంది. ముసుగులో నవ్వుతోందని దీనాకి తెలిసిపోయింది.

పొద్దున్నే మహాలక్ష్మమ్మ పిలిచింది. చేతిలో వారపత్రిక ఉంది.

"నాకు సూపు ఆనట్లేదు. సీరియల్ ఎక్కడ ఆగిందో తెల్డం లేదు. మజ్జాన్నం మా ఇంట్లో తిని, సదివి పెట్టు. ఊరికే కాదు, కూలికే. ఉపోషాలకి పెట్టడం నావల్ల కాదింక."

దీనా చదవడం మొదలుపెట్టింది. అత్తగారి మాటలకి ఒక గొంతు, కోడలికి ఒకటి, పోలీసుకి ఇంకొకటి. ముందు లావణ్య చేరింది, తర్వాత సోమలమ్మ వచ్చింది. కొన్నాళ్లకి అరుగు చాలక జనం మెట్ల మీద కూర్చునేవాళ్లు. కథ మంచి పట్టులో ఉండగా దీనా మళ్లీ కాలేజీకి టైమయిందని లేచేది. "బేగి రాయే, ఆ పిల్ల నూతిలో పడిందో లేదో సెప్పకుండా ఎల్పోతావేటి," అని మహాలక్ష్మమ్మ వీధి మలుపు దాకా అరిచేది. డిగ్రీ మూడేళ్లూ అలాగే గడిచాయి.

తర్వాత బీఈడీ చేసి, రెండువేల మూడులో దీనా తెలుగు టీచరైంది. పోస్టింగు కొండకింద ఊళ్లో, రేకుల షెడ్డు బడి. చేరిన నెలకే లెక్కల మాస్టారు జగదీశ్వరరావుగారు స్టాఫ్‌రూములో ఆవిడ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మేడమ్‌గారూ, మీరు కాస్త మెల్లిగా పాఠం చెప్పాలండి. మధ్యలో ఉన్నది తడిక. నా పిల్లలు కూడికలు మానేసి మీ కథ వింటున్నారు."

"అలాగేనండీ," అంది దీనా. "మరి మీరేం చేస్తున్నారు?"

ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "నేనూ వింటున్నాననుకోండి," అన్నారు.