లైన్లు మూసేసిన మధ్యాహ్నం

ఆ క్వార్టర్లలో పిల్లలు ఆమెను ‘మళ్ళీ అత్త’ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. తప్పు కంటపడితే చాలు, ‘మళ్ళీ చెయ్యి’ అంటుంది మరి. లెక్క తప్పినా మళ్ళీ, చెప్పులు అడ్డదిడ్డంగా విడిచినా మళ్ళీ. పెద్దవాళ్ళకు మాత్రం కార్డుల మేడమ్. సైనిక కుటుంబాల సహాయ కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేసే పనులు రెండు. బడి వదిలాక, తల్లులు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి చదివించడం ఒకటి. సరిహద్దుకు వెళ్ళే ప్రతి మనిషి చేతా ఒక తెల్ల కార్డు రాయించి పెట్టెలో దాచడం రెండోది. తనకేమైనా అయితే ముందు ఎవరికి చెప్పాలి, వాళ్ళు ఏ వేళకు ఎక్కడుంటారు, పిల్లలు ఎవరి దగ్గరుంటారు, ఇవే కార్డు మీద ఉంటాయి.

ఆమె మీద వ్యాసం రాద్దామని పత్రికల వాళ్ళు రెండుసార్లు వచ్చి, నీరుగారిపోయి వెళ్ళారు. ఆమె భర్త పోలేదు. నిక్షేపంగా తిరిగొచ్చి, వీధి చివర స్కూటర్లు బాగుచేసుకుంటున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఏమీ దొరక్కపోతే వ్యాసం ఎలా నడుస్తుంది? ఏటేటా సభలో ముఖ్య అతిథి త్యాగం, త్యాగం అని గొంతు చించుకుంటుంటే ఆమె వెనక వరుసలో కూర్చుని కార్డులు సరిచూసుకుంటుంది. అంతమంది అతిథుల్లో ఒక్కరైనా సాయంత్రం నాలుగింటికి ఈ పిల్లల్ని ఎవరు చూస్తున్నారని అడగలేదని ఆమె ఫిర్యాదు.

ఆ రోజు మూడున్నరకు లైన్లు మూసేశారు.

దాని అర్థం ఆ క్వార్టర్లలో పాలు తాగే పసివాళ్ళకు తప్ప అందరికీ తెలుసు. సరిహద్దులో ఎవరికైనా ఏదైనా జరిగితే, ఆ ఇంటికి చెప్పేదాకా అక్కడి ఫోన్లన్నీ ఆపేస్తారు. కబురు గాలివాటున రాకూడదని. పదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ నాన్నకు మెసేజ్ పెట్టింది. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. ఫోను పక్కదానికి చూపించింది. అంతే, హాల్లో ముప్పైమంది గొంతులు ఒక్కసారి తగ్గాయి. కబురు ఎవరింటికో ఒకరింటికి. ఎవరింటికన్నదే తెలియాలి.

దానికీ వాళ్ళ దగ్గర ఒక కిటుకుంది. మళ్ళీ అత్త ఎవరి మీద జాలి చూపిస్తుందో కనిపెట్టడం.

ఆ కిటుకు నేర్పింది ఆమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇలాంటి రోజే, అక్కచెల్లెళ్ళిద్దర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తల నిమిరి, ఇంకో రెండు బిస్కెట్లు చేతిలో పెట్టింది. పావుగంట తిరక్కుండా ఒక చిన్నది వచ్చి ఆ పెద్దపిల్లను అడిగేసింది, పోయింది మీ నాన్నేనా అని. తల్లి వచ్చేసరికి చెప్పడానికేమీ మిగల్లేదు. ఆ తల్లి మేడమ్‌ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని మేడమ్‌కు ఇప్పటికీ ఉంది. ఆ అక్కచెల్లెళ్ళు పెద్దవాళ్ళై ఎటో వెళ్ళిపోయారు. కథ మాత్రం పెద్ద తరగతుల నుంచి చిన్న తరగతులకు దిగుతూ హాల్లోనే ఉండిపోయింది.

పావుతక్కువ నాలుగింటికి ఆఫీసుగదిలో ఫోను మోగింది. ఆఫీసరు క్వార్టరు నంబరు చెప్పాడు. కొండదారిలో ట్రక్కు జారి లోయలో పడిందనీ, డ్రైవరు పోయాడనీ చెప్పాడు. కబురు చెప్పడానికి ఇద్దరు మనుషులు భార్య దగ్గరికి బయల్దేరారట. పిల్ల మీ దగ్గరే కదా, తల్లి వచ్చేదాకా బయటికి పొక్కనివ్వకండి అన్నాడు.

ఆ నంబరు లాయరుది. పదేళ్ళ పిల్ల. ఎవరేమన్నా ఎదురు ప్రశ్న వేయందే వదలదని తండ్రే పెట్టిన పేరు.

‘‘ఎక్కడికి వెళ్ళారు సార్ మీవాళ్ళు?’’

‘‘కార్డులో ఉన్నచోటికే. బజారు దగ్గర రక్తపరీక్షల ల్యాబు.’’

మేడమ్ కళ్ళు మూసుకుంది. ఆ తల్లి ఆ ల్యాబు మానేసి మూడు వారాలైంది. నలభై కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో చేరింది. ఈ సంగతి లాయరే హోంవర్కు మధ్యలో చెప్పింది. కార్డు మార్చి ఇమ్మంటే తల్లి ‘రేపు రాసిస్తానక్కా’ అంది. ఆ రేపు రాలేదు. వెంటపడాల్సింది తను. పడలేదు. కార్డుల మేడమ్ అని పేరు, ఉన్న రెండు పనుల్లో ఒకటి ఇదాయె.

‘‘వెనక్కి తిప్పించండి. పెద్దాసుపత్రి, రెండో అంతస్తులో ల్యాబు. డ్యూటీలో ఫోను లోపలికి రానివ్వరు, చేసి లాభం లేదు.’’

అరగంటలో తేలిపోవాల్సింది రెండు గంటలకు పాకింది.

హాల్లోకి రాగానే ముప్పై మొహాలూ ఆమె వైపు తిరిగాయి. మొదటి వరుసలో ఒకణ్ణి గోళ్ళు కొరుకుతున్నందుకు తిట్టింది. రెండో వరుసలో ఒకతెను చేతిరాతకు తిట్టింది. మూడో తిట్టు లాయరుకు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నందుకు. మరీ మొదట తిడితే అనుమానం, అసలు తిట్టకపోతే ఇంకా అనుమానం. తిట్లు ఏ మోతాదులో వేయాలో వంటలో ఉప్పులాగా చూసుకోవాల్సి వచ్చింది. లాయరు కాలు దించుతూ, కాలు మీద కాలేసుకుంటే లెక్క తప్పుతుందని ఏ పుస్తకంలో ఉందని అడిగింది. మామూలు రోజైతే ఆమెకు నవ్వొచ్చేది.

నాలుగున్నరకు పక్క బ్లాకు ఆవిడొకతె కిటికీ దగ్గరికి వచ్చి, ఎవరింటికమ్మా అని గుసగుసగా అడిగింది.

‘‘తెలియకపోతే ఎలా చెప్తాను, తెలిస్తే ఎందుకు చెప్తాను? వెళ్ళవమ్మా, పిల్లలు చూస్తున్నారు.’’

ఆవిడ వెళ్ళింది గానీ వెళ్తూ వెళ్తూ హాలంతా కళ్ళతో ఒకసారి జల్లెడ పట్టింది.

ఐదు దాటాక లాయరు లెక్కల పుస్తకం తెచ్చింది. మేడమ్ ఎర్ర పెన్ను తీసుకుంది. పుస్తకం చివరి పేజీలో తండ్రి గీసిన ట్రక్కు బొమ్మ కాగితం పలచనై ఇవతలికి కనబడుతోంది. ఆమె వరసగా రైట్లు పెట్టుకుంటూ పోయింది.

‘‘అత్తా, ఏడోది తప్పు.’’

పెన్ను ఆగింది.

‘‘మిగులు పదకొండు రావాలి. నేను పద్నాలుగు వేశాను. నువ్వు రైట్ పెట్టావ్.’’

 మళ్ళీ అత్త తప్పును వదిలేసింది. పదో తరగతి అమ్మాయి తల ఎత్తి లాయరు వంక చూసింది. ఒకరి తర్వాత ఒకరు చూడటం మొదలుపెట్టారు. ఇంకో గడియ అలాగే ఉంటే ఎవరో ఒకరు నోరు జారతారు.

‘‘నీ తప్పు నువ్వు పట్టుకుంటావో లేదో చూద్దామని పెట్టాను,’’ అంది మేడమ్. ‘‘పట్టుకున్నావుగా. అలాంటివే ఇంకో ఐదు చేసుకురా.’’

‘‘తప్పు చెప్పినందుకు శిక్షా? ఇదేం న్యాయం?’’

‘‘ఆరు.’’

ఎవరో కిసుక్కున నవ్వారు. లాయరుకి కాదులే అని వెనక వరుసలో ఒక గుసగుస. మొహాలన్నీ ఇంకెవరినో వెతుక్కుంటూ తిరిగాయి. పిల్ల రుసరుసలాడుతూ వెళ్ళి ఆరు లెక్కలకూ గీతలు కొట్టుకుంది. మేడమ్ తర్వాతి పుస్తకం లాక్కుని, ఈసారి ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది.

ఆరింటికి ఐదు నిమిషాలుండగా వెనక వాకిట్లో జీపు ఆగింది. తల్లి ఆసుపత్రి కోటుతోనే దిగింది. కూడా వచ్చిన ఇద్దరూ ఏం చేయాలో తెలియక దూరంగా నిలబడ్డారు. మేడమ్ ఆమెను ఆఫీసుగదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది.

‘‘నువ్వు చెప్పక్కా. నాకు నోరు రాదు.’’

‘‘నేను చెప్పను. నా నోటి వెంట వింటే జన్మంతా నా గొంతే గుర్తుంటుంది దానికి. నాన్న చనిపోయారు అను. దూరం వెళ్ళారనీ, పైకి వెళ్ళారనీ అనొద్దు. అది ఎప్పుడొస్తారని అడుగుతుంది.’’

తల్లి కోటు అంచుతో మొహం తుడుచుకుంది. తలూపింది.

మేడమ్ హాలు గుమ్మంలో నిలబడి, లాయర్ని పుస్తకం తీసుకుని ఆఫీసులోకి రమ్మని గద్దించి పిలిచింది. ఎదురు మాట్లాడినందుకు తలంటు ఉందనుకుని పిల్లలు జాలిపడ్డారు.

గదిలో తల్లిని చూడగానే పిల్ల ఆగిపోయింది. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని, దాని భుజాలు పట్టుకుని, ఆ రెండు మాటలూ చెప్పింది.  పిల్ల తల్లి కోటు గుండీని పట్టుకుంది. ఆ తర్వాత మేడమ్ వైపు తిరిగింది.

‘‘నీకు ముందే తెలుసా?’’

‘‘తెలుసు.’’

‘‘ఎప్పట్నుంచి?’’

‘‘పావుతక్కువ నాలుగు నుంచి.’’

‘‘తెలిసే చేయించావా లెక్కలు?’’

‘‘చేయించాను.’’

తల్లి అడ్డం రాబోయింది. మేడమ్ చెయ్యెత్తి ఆపింది. ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఆ పిల్లది.

‘‘హాల్లో ఎవరెవరికి తెలుసు?’’

‘‘ఒక్కరికీ తెలీదు. మీ అమ్మ తర్వాత నీకే.’’

‘‘నిజంగా?’’

‘‘నిజంగా.’’

పిల్ల పుస్తకం బల్ల మీద పెట్టింది. ఏడుపు ఇంకా ఆపుకుంటూనే ఉంది.

‘‘అయితే నువ్వు బయటికెళ్ళు,’’ అంది.

మేడమ్ వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఎవరూ అటు రాకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.