నూట ఇరవై నాలుగో కిలోమీటరు ఇంజను

పోయిన నెల మా అన్నకు అరవై ఏండ్లు నిండినయ్. వదినె ఇంటిదాంక వచ్చి బొట్టు పెట్టి పిలిచింది, పట్నంల ఫంక్షన్ హాల్ మాట్లాడిండ్రు, నేను పోయిన, అందరితోని కూసొని భోంచేసిన, పెట్టిన చీర తీసుకొని సాయంత్రం బస్సుకే మహబూబ్‌నగర్ వచ్చేసిన. మూడు దినాలకు అన్న ఫోన్. కొడుకు కానుకగ రైలు సెట్టు కొనిచ్చిండట, పిల్లలు ఆడుకునే చిన్నది కాదట, ఒక్కొక్క ఇంజను మోచెయ్యి అంత పొడుగుందట, ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు దేని దారి దానిదే అన్నట్టు నడుస్తయట, అంత డిజిటల్ అట. అన్నీ బాగనే ఉన్నయ్ గనీ నడుస్తలేదట. “చెల్లె, జర వచ్చి చూడరాదే, గిసోంటియి నీకే తెలుస్తయ్” అన్నడు.

గిసోంటియి నీకే తెలుస్తయ్! ముప్పై ఏండ్లు దాటినంక ఆ ముక్క మా అన్న నోట్లకెల్లి వచ్చింది. ఫోన్ పెట్టేసినంక నవ్విన్నో ఏడ్చిన్నో నాకే తెల్వదు. ఆ మాట అప్పుడు, అనాల్సిన జాగల, ఒక్కసారి అని ఉంటే ఏం పోయేది? సరే, మొదటికెల్లి చెప్త.

మా ఈడోళ్ళకు మీటరుగేజీ లైను గుర్తుండే ఉంటది. మహబూబ్‌నగర్ నుంచి గద్వాల దిక్కు పొయ్యే ఆ సన్న పట్టాల లైను మీద మా నాయిన గ్యాంగుమేస్త్రి, అంటే పట్టాలు చూసుకునే పదిమంది మనుషుల మీద పెద్ద. ఊరికి దూరంగ రైలు గేటు పక్కన మా క్వార్టరు, రెండే అర్రలు, ముందర ఒక సీతాఫలం చెట్టు, దానికెదురుంగ కిలోమీటరు రాయి, రాయి మీద నూట ఇరవై నాలుగు. ఏటా వానలు వెళ్ళినంక నాయిన ఆ రాయికి సున్నం వేసి, నల్లరంగుతోని అంకెలు తన చేత్తోనే దిద్దుతుండె. మాకు ఇంటి నంబరంటే అదే. ఎక్కడుంటవే పిల్లా అని బడిల అడిగితే నూట ఇరవై నాలుగు అనే చెప్పేదాన్ని, మా అన్న అయితే పెరిగిండా లేదా అని ప్రతి పండుగకు ఆ రాయి పక్కన నిలబడి ఎత్తు చూసుకుంటుండె.

తొంభైల మొదట్ల నేను పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చదువుతున్న. మా క్లాసుల ఆడపిల్లలం ముగ్గురమే. అన్న ఐటీఐల ఫిట్టరు పని నేర్చి నాలుగేండ్ల సంది ఖాళీగ ఉండె, పాపం, చేతుల్ల పని మస్తుగుండె గనీ ఇచ్చెటోళ్ళు లేకుండె. ఆఖరు సంవత్సరం ప్రాజెక్టుకు అందరు లైట్లు వెలిగేవి, గంటలు మోగేవి చేస్తమంటే, నేను రైలు చేస్తనని చెప్పిన. పట్టాల పక్కన పుట్టినదాన్ని, ఇంకేం చేస్త? సారు నవ్విండు. హైదరాబాద్ కంపెనీవాళ్ళు ప్రాజెక్టులు చూసెటందుకు వస్తరనీ, నువ్వన్న రైలు నిజంగ నడిస్తే నిన్ను అక్కడికక్కడే తీసుకుంటరనీ అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకొని ఆర్నెల్లు బతికిన.

మామూలు ఆట రైలుకు పట్టాలల్ల కరెంటు పెంచితే ఉరుకుతది, తగ్గిస్తే ఆగుతది; రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒక్కతీరే ఉరుకుతయ్. నేననుకున్నదేందంటే, కరెంటు ఎప్పటికీ ఒక్కతీరుగనే ఉండాలె, దాంతోపాటే ఆదేశం అంకెల రూపంల పోవాలె, ముందుగాల ఇంజను నంబరు, ఎనుక అది చెయ్యాల్సిన పని. ఏ నంబరు పిలిస్తే ఆ ఇంజనే వినాలె, రెండోది విననట్టే ఉండాలె. మందల వంద గొర్లున్నా కాపరి పేరు పెట్టి పిలిస్తే ఆ ఒక్క గొర్రే తలెత్తినట్టన్న మాట. అమ్మకు గట్లనే చెప్పిన, అమ్మకు వెంటనే సమజైంది. మా సారుకు మాత్రం మూడుసార్లు బోర్డు మీద గీసి చూపెడితే గనీ నమ్మలె.

ముందు చిన్నగ, అగ్గిపెట్టెలంత డబ్బాలతోని మొదలువెట్టినం. ఇంజను మాట వినాలంటే లోపల దానికి చెవులసొంటి సర్క్యూటు ఒకటి ఉండాలె గదా, అదేమో నా అరచెయ్యి అంత అయింది, అగ్గిపెట్టెల ఎట్ల పడ్తది? అయితే పెద్దగనే చేద్దాం చెల్లె అన్నడు అన్న. అట్ల మోచెయ్యంత ఇంజన్లు రెండు తయారైనయ్, నూనెడబ్బాల రేకు కోసి, టేపురికార్డరు మోటార్లు పెట్టి, చక్రాలు ఐటీఐల తెలిసిన సారును బతిమాలి లేతు మిషను మీద తిప్పించి. పట్టాలకు పెట్టెలకు కట్టే ఇనుపపట్టీలు తెచ్చి, మూడు వేళ్ళ వెడల్పుకు పరిచినం. జాగ లేదు, రెండు మంచాల మీద రెండు పాత తలుపులు పరిచి దాని మీదనే లైను వేసినం. ఆర్నెల్లు ఇంటిల్లిపాది కింద చాపల మీద పండుకున్నరు, ఒక్కరూ ఇదేంది అనలె, ఆ మాట కూడ చెప్పాలె.

నవ్వొచ్చే సంగతొకటి చెప్త. పట్టాల కింద వేసే స్లీపర్లు మా లైన్ల ఇనుపవే ఉంటుండె, నాయినకు తెలిసిన స్లీపరంటే అదే, అందుకని రేకు కోసి, అంచులు వంచి, అచ్చం లైన్ల ఉన్నట్టే రెండు వందల స్లీపర్లు చేసిచ్చిండు. మేమూ మురిసిపోయి బిగించినం. మీట వేసుడే ఆలస్యం, ఫ్యూజు ఠప్పుమన్నది. మల్ల వేస్తే మల్ల ఠప్పు. మూడు దినాలు నా సర్క్యూటుల తప్పు వెతికిన, కండ్లు వాచినయ్, ఆఖరికి చూస్తే ఏముంది, ఈ పట్టాల కరెంటు ఇనుప స్లీపరు మీదికెల్లి ఆ పట్టాకు పోతాంది! పట్టాల మనుషులకు తప్ప ఎవరికీ జరగని తప్పది. నాయిన డ్యూటీ దిగి వచ్చినంక కూసొని, మల్ల రెండు వందలు కట్టెతోని చెక్కిండు.

కోఠిల కొన్న సామాన్లతోని కంట్రోలు డబ్బా నేను చేసిన. దాని మీద వేలితోని తిప్పే అంకెల చక్రాలు మూడు, సున్న నుంచి తొమ్మిది దాంక. మూడు కలిపితే ఇంజను నంబరు. ఇంజను లోపల పన్నెండు సన్న తీగలు, వాటిల కొన్ని కత్తిరించి కొన్ని ఉంచితే దాని నంబరు ఖాయమైతది. అన్న ఇంజనుకు ఒకటి పెట్టిన, పెద్దోడు గదా. నా ఇంజనుకు నూట ఇరవై నాలుగు. అందరికీ చెప్పిన, నేను తీగలు కత్తిరిస్తుంటే అన్న పక్కన కూసున్నప్పుడు కూడ చెప్పిన. రెండు ఇంజన్లు మొదటిసారి ఒకటి పోతుంటే ఒకటి ఆగినప్పుడు నాయిన లోపలికి పోయి పచ్చజెండ తెచ్చి, ఆ మంచం పక్కన నిలబడి, నిజం బండికి ఊపినట్టే ఊపిండు. నా జన్మల నాకు అంతకన్న పెద్ద బహుమతి ఎవ్వలూ ఇయ్యలె.

ఆ దినాలల్లనే మీటరుగేజీ తీసేసి బ్రాడుగేజీ వేస్తుండ్రి. పనిచేయించే ఒక కాంట్రాక్టరు నీళ్ళు తాగెటందుకు మా ఇంట్లకొచ్చి లైను చూసిండట. నేను హాస్టల్ల ఉన్న, పరీక్షలకు పదిహేను దినాలే ఉన్నయ్. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినయ్.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, సిగ్నళ్ళకు పెట్టేటందుకు ఎర్రవీ పచ్చవీ సన్న బల్బులు ఎనిమిది రుమాల్ల ముడేసుకొని, పట్టాల ఎంబడి నడుచుకుంట ఇంటికొచ్చిన. ముందటి అర్రల రెండు మంచాల మీద శుభ్రంగ దుప్పట్లు పరిచి ఉన్నయ్. ఎన్నడూ లేంది అమ్మ నా మొఖం దిక్కు చూస్తలేదు, ముందు తిను బిడ్డా, తిన్నంక చెప్త అన్నది. ఇగ ఏం తింట? ఎవరు చేసిండ్రని కాంట్రాక్టరు అడిగితే నేనే చేసిన అన్నడట మా అన్న. ఇంత పనితనమున్న పిలగాడు ఖాళీగ ఉండుడేందని ఆయన తన దగ్గర పనిలకు రమ్మన్నడట, ముచ్చటపడి రైలు అడిగిండట, వీళ్ళు లారీల ఎక్కించి పంపిచ్చిండ్రు. నా కంట్రోలు డబ్బాతోని సహా.

నాయిన బయట సీతాఫలం చెట్టు కింద నిలబడి ఉండె. వాడు మొగపిలగాడు, వానికి దారి దొరికింది, నీకేం బిడ్డా, చదువున్నది, మల్ల చేసుకుంటవ్ అన్నడు. మల్ల చేసుకుంటనట! పదిహేను దినాలల్ల! జెండ ఊపిన మనిషే ఆ మాటన్నడు. అన్న మీద కోపం పుట్టింది గనీ నాయిన మీద పుట్టింది కోపం కూడ కాదు, లోపల ఏదో చల్లబడిపోయింది. పరీక్షకు నేను కూడ అందరిలెక్క ఒక గంట చేసి తీసుకపోయిన. రైలేదమ్మా అని సారు అడిగితే ఖరాబైంది సార్ అని అబద్ధం చెప్పిన. కంపెనీవాళ్ళు వచ్చి, నా గంట ఒకసారి నొక్కి చూసి, పక్క బల్ల దగ్గరికి పోయిండ్రు. ఆ తర్వాత అదే పాలిటెక్నిక్‌ల ల్యాబు అసిస్టెంటుగ చేరిన, ఇయ్యాల్టికీ ఆడ్నే ఉన్న.

రెండు నెలలకు అన్న వచ్చిండు. రైలు నడుస్తలేదట, కాంట్రాక్టరు ఇంటికి దోస్తులు వస్తున్నరట, నువ్వు రావాలె అన్నడు. నాయినా అమ్మా ఇద్దరూ నా దిక్కే చూస్తుండ్రి. పోయిన. బస్సుల అన్న మెల్లగ చెప్పిండు, నేనే చేసిన అని చెప్పిన చెల్లె, నువ్వు ఊకె సాయంగ వచ్చినట్టు ఉండు, ఏం మాట్లాడకు, నా పని పోతది. ఆ ఒక్క గంట ప్రయాణంల నేను మింగినన్ని మాటలు నా జన్మల మల్ల మింగలె.

పెద్ద ఇల్లు, హాలు నడుమ మా రెండు తలుపులు, వాటి మీద మా లైను. రోజూ కిరసనాయిలు బట్టతోని తుడవాల్సిన పట్టీలు తుప్పు పట్టినయ్, డబ్బా తీగలు తారుమారు పెట్టిండ్రు. అన్నీ సరిచేసి, చక్రాలు ఒకటికి తిప్పి మీట నొక్కిన, అన్న ఇంజను కదిలింది. హాలంత చప్పట్లు. కాంట్రాక్టరు మా అన్న భుజం తట్టి, రెండోది కూడ నడుపుండ్రి అన్నడు.

అప్పుడు నాకు ఏం బుద్ధి పుట్టిందో, నేను చక్రాలు నూట ఇరవై ఐదుకు తిప్పిన. అన్న నా పక్కనే, భుజానికి భుజం తగిలేటంత దగ్గర నిలబడి ఉండె. మూడు అంకెలు కండ్ల ముందలనే ఉన్నయ్. తప్పు తిప్పినవ్ చెల్లె, నూట ఇరవై నాలుగు గదా అంటడేమో అని చూసిన. ఒట్టు, ఆ మాట చెవుల మెల్లగనన్న అని ఉంటే రైలు పోయింది, కంపెనీ పోయింది, అన్నీ పోనీ అనుకొని ఆ నిమిషంలనే మాఫ్ చేద్దును. అన్న అంకెలు చూసిండు, ఇంజను చూసిండు, నన్ను చూసిండు. ఏందే, నడుస్తలేదు అన్నడు. గంతే. ఆ నంబరే తెల్వదు అన్నకు. ఆర్నెల్లు పక్కన కూసున్నడు, నేను చెప్పింది ఏదీ వినలె. కాలిపోయినట్టుంది అని చెప్పి చేతులు తుడుసుకున్న.

మొన్న ఆదివారం మల్ల పోయిన, పోకుంట ఎట్లుంట? కొత్త సెట్టు చూస్తే ఏముంది, అన్న లైనును గుండ్రంగ తిప్పి తెచ్చి, మల్ల అదే లైనుకు ఎడమ పట్టా కుడి పట్టాకు తగిలేటట్టు కలిపిండు, మా నాయిన ఇనుప స్లీపర్ల కథనే మల్ల. ఒక తునక తీసి వేరే తీరుగ అతికించిన, ఫోన్‌ల దీపం వెలిగింది. చేతుల పట్టే ఫోన్‌ల ఇయ్యాల ఆ డబ్బా అంతా ఇమిడిపోయింది, చక్రాల్లేవు, తీగలు కత్తిరించే పని లేదు. ఇంజను నంబరేందని తెర మీద అడిగింది. మొదటిదానికి అన్న ఒకటి నొక్కిండు. రెండోదానికి ఆగి, నా దిక్కు తిరిగి, దీనికేం పెడ్దాం చెల్లె అన్నడు.

నీకేం యాదికొస్తే అది పెట్టన్నా అని చెప్పిన. అన్న వేలు లేపి తెర మీదికి తెచ్చిండు. తల నెరిసింది, మంచిగనే బతికిండు, పిల్లలను మంచిగనే చదివించిండు, నేను కాదన. నా పాణం మాత్రం ఆ వేలు మీదనే ఉంది. రెండు అని నొక్కిండు. బండి కదిలింది, వదినె చప్పట్లు కొట్టింది, నేను చాయ తాగి వచ్చేసిన.

ఆ క్వార్టరు కూలగొట్టి ఎన్నో ఏండ్లయింది. బ్రాడుగేజీ వచ్చినంక కిలోమీటర్లు మల్ల కొలిచిండ్రు, మా రాయి పీకేసిండ్రు, సున్నం వేసే నాయినా లేడు. బస్సుల పోతుంటే లైను కనపడ్డప్పుడల్ల మెడ తిప్పి చూస్త, సీతాఫలం చెట్టు కూడ కనవడదు. ఆ కాంట్రాక్టరు ఎటు పోయిండో, మా రెండో ఇంజను ఏ అటక మీద పడి ఉందో తెల్వదు, రేకంత తుప్పు పట్టే ఉంటది. లోపల తీగలు మాత్రం నేను కత్తిరించినట్టే ఉంటయ్. ఎవరన్న ఓపికగ సున్న నుంచి మొదలువెట్టి చక్రాలు తిప్పుకుంట పోయినా, నూట ఇరవై నాలుగు కాడ అది కదిలేది. ఎవ్వలూ తిప్పలె.