తిన్నాక వచ్చిన ప్రశ్న

మా ఇంటికి కంప్యూటర్ నా చదువు కోసం వచ్చింది. ఈ మాట మొదటే చెప్పేయాలి, ఎందుకంటే తర్వాత మా ఇంట్లో అందరూ దీన్ని మరిచిపోయారు. నంద్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే, నాయన నన్ను వెంటబెట్టుకుపోయి బేరమాడి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నేనప్పుడు డిగ్రీలో చేరిన కొత్త. అందులో ముందే ఒక ఆట ఉంది. ఆ ఆట మా ఇంట్లో మొదట ఆడింది కూడా నేనే.

ఆటలో హీరో చెల్లెల్ని కొండల అవతల ఒక కోటలో బంధించారు. కొండదారి ఒక ముఠా చేతిలో ఉంది. వాళ్ళు దారిన పోయేవాళ్ళని దోచుకుంటారు, ఎదురు తిరిగితే చంపుతారు. దోచుకున్న గింజలతో కింది పల్లెలను సాకుతారు కూడా. ముఠా పెద్ద, తెల్లగడ్డం మనిషి, హీరోని భోజనానికి పిలుస్తాడు. పొడవాటి బల్ల, దాని నిండా పళ్ళాలు, ఒక ఖాళీ పీట. కూర్చోవాలంటే మీట నొక్కాలి.

నేను నొక్కేదాన్ని కాదు. మాది ఆళ్లగడ్డ దగ్గరి పల్లె. అక్కడ పెద్దమనిషి ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నవాడు ఆయన మనిషే. కాగితం అక్కర్లేదు, ప్రమాణం అక్కర్లేదు. ఎవరింట్లో తిన్నావో చూసి నువ్వెవరి వైపో ఊరు తెలుసుకుంటుంది. నాకు ఊహ తెలిసేసరికే నాయన ఆ ఊరొదిలి వచ్చి నంద్యాలలో మోటార్లు రివైండింగ్ చేసే అంగడి పెట్టుకున్నాడు. "ఎవురి పక్కా నిలబడగూడదు పాపా" అని ఆయన అంటుంటే వినీ వినీ పెరిగాను. కాబట్టి నా హీరో గడప దగ్గరే వెనక్కి తిరిగి, ఒంటరిగా కొండెక్కి, మలుపులో ఆ ముఠా చేతిలోనే చచ్చేవాడు. చచ్చిన ప్రతిసారీ నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

అప్పుడు దిగాడు బావ. మేనత్త కొడుకు, నాకంటే కాస్త పెద్ద. వాళ్ళ నాయన ఆళ్లగడ్డ వైపు ఒక పెద్దమనిషి వెంట తిరిగి, ఆయన కేసు తన మీద వేసుకుని జైల్లో ఉన్నాడు. మేనత్తకు కొడుకును అక్కడ ఉంచాలంటే భయం. నాయనే పోయి తీసుకొచ్చాడు. బస్టాండు నుంచి వాడి ట్రంకుపెట్టె నాయనే మోశాడు. ఇంటర్ చదివేటప్పుడు నేను హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన రోజుల్లో నా పెట్టె నేనే మోసుకున్నాను.

"మీ బావ వచ్చినాడంట, ఇంగేమి!" అని పక్కింటామె ముసిముసిగా నవ్వేది. నాకు వాడి మీద ఉన్నది ఆమె అనుకున్నది కాదు. నిఖార్సైన కడుపుమంట.

పాలిటెక్నిక్ నుంచి వచ్చి నా కుర్చీలో కూర్చునేవాడు. మొదటి రోజే నా హీరోని గడప దాటించి, పీట మీద కూర్చోబెట్టాడు. తినడం అయ్యాక తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. వాడు చదవనైనా చదవకుండా 'సరే' అని నొక్కేశాడు.

"ఏందది? చదవద్దా?" అన్నాను.

"తిన్న్యాక ఇంగ అడిగేదేముంటాది?" అన్నాడు.

హీరో ముఠాలో కలిసిపోయాడు. వాళ్ళు గుర్రమిచ్చారు. నన్ను చంపిన మలుపు దగ్గర వాడికి సలాం కొట్టారు. బదులుగా వాడు బాటసారుల బండ్లు కొట్టాలి, మాట వినని పల్లెలో గడ్డివాములు తగలబెట్టాలి. అన్నీ చేశాడు.

"సిగ్గు లేదా బావా? దొంగలతో కలిస్తే వాడు హీరో ఎట్లయితాడు?"

"వాని చెల్లెలు ఆడ కోటలో ఉండాది. నీ హీరో మంచోడే, కొండమలుపులో సచ్చి పడినాడు. ఆ పిల్లకేం ఒరిగింది?"

తీర్పు కోసం నాయన వైపు చూశాను. ఈ ప్రశ్నకు ఆయన జవాబు నాకు కంఠతా వచ్చు అనుకున్నాను. నాయన కళ్ళద్దాలు తుడుచుకుని, స్టూలు లాక్కుని, బావ పక్కన కూర్చున్నాడు.

"వాడు చెప్పింది నిజమే పాపా. ఒగోసారి మనిషికి దోవ ఉండదు. నువ్వు ఆడప్పా, ఆడు."

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. నాకు లెక్కలు చెప్పమంటే అంగడి పని ఉందనే మనిషి రోజూ ఆ స్టూలు మీద. అహోబిలం నుంచి ఎవరో తెచ్చిన ప్రసాదం ముందు వాడి చేతిలో. ఆదివారం ఉగ్గాని, బజ్జీల పొట్లం ముందు వాడి ముందు. జైల్లో ఉన్నవాడి కొడుకు కదా అని అమ్మ సర్దిచెప్పేది. జైలుకు పోకుండా నంద్యాలలో కాపురం చేసుకోవడమా నాయన చేసిన పాపం అని నాకు మండిపోయేది.

వాడిని ఓడించాలి, అదీ నాయన చూస్తుండగా. అంతే. వాడు కాలేజీకి పోయినప్పుడు తలుపు మూసుకుని, ఒళ్ళు చీదర పుడుతున్నా, నా హీరోని ఆ పీట మీద కూర్చోబెట్టాను. వాడెలా గెలుస్తున్నాడో చూద్దామని. తిన్నాక ప్రశ్న వచ్చింది. చదివాను. మాతో కలుస్తావా అని అడుగుతోంది. కింద రెండు జవాబులున్నాయి. 'వద్దు' అన్నది కూడా ఉంది. నొక్కాను. తెల్లగడ్డం మనిషి నవ్వి, ఇంటి వెనక తలుపు తీసి, కోటకు పోయే కాలిబాట చూపించాడు. అంతే! ఆళ్లగడ్డ బుద్ధితో నేను తినలేదు, అదే బుద్ధితో వాడు చదవలేదు. మా ఇద్దరి నెత్తినా మా ఊరే కూర్చుంది. నేను కోటకు పోయి, చెల్లెల్ని విడిపించి, ఆట ముగించాను.

ఆదివారం బజ్జీల దగ్గర ఇద్దర్నీ పిలిచాను. "సూడు నాయనా, ముఠాలో కలవకుండానే గెలిచినా" అని మొదటి నుంచి ఆడి చూపించాను. హీరో తిన్నాడు, 'వద్దు' అన్నాడు, లేచాడు, వెనక తలుపులోంచి పోయాడు.

"చూసినావా బావా? తిని కూడా వచ్చేయొచ్చు!"

మెచ్చుకోలు కోసం నాయన వైపు తిరిగాను. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇది తిని లేసొచ్చినోని ఇల్లే పాపా" అన్నాడు.

నాయన బావ వైపు తిరిగాడు.

"ఆ పొద్దు పెద్దాయనింట్లో ఒకే బంతిలో బువ్వకు కూసున్న్యాం, మీ నాయనా నేనూ. ఇద్దరం తింటిమి. తెల్లారి పనికి పిలిస్తే నేను నంద్యాల బస్సెక్కేస్తి. నా వంతు పని కూడా మీ నాయన మీదనే పడె."

"నాకు తెలుసు మామా" అన్నాడు బావ. "ఒకడన్నా బయటపడినాడులే అంటాడు మా నాయన."

నాయన చెయ్యి వాడి భుజం మీద పడింది. రెండో చేత్తో కళ్ళద్దాలు తీసి ఏడ్చేశాడు. మా నాయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి, అదీ వాడి దగ్గర.

నాకు జాలి కలగాలి. కలిగిందేమో కూడా. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణాన నేను చూసింది ఆ చెయ్యినే. ఎవరి బంతిలోనూ కూర్చోకుండా, నాయన చెప్పినట్టే బతికి, గెలిచి చూపించిన కూతుర్ని, మౌస్ పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఆపేయమ్మా దాన్ని" అన్నాడు నాయన, నా వైపు చూడకుండానే.

ఆపేశాను.