కుట్లు కనబడే పులి, మా నాయనమ్మ

మూడు రోజులుగా మా గదంతా తడిగుడ్డ వాసనే. నాలుగేళ్ళ మా పాప నుదుటి మీద వేసి, వేడెక్కగానే తీసి, గిన్నెలో ముంచి పిండి మళ్ళీ వేసిన ఆ పాత చీర ముక్క ఇప్పుడు కిటికీ చువ్వకు ఆరుతోంది. ఈ సాయంత్రం పాపకు చెమట పట్టి జ్వరం దిగింది. నాలుగు ముద్దలు పెరుగన్నం తిని నిద్రపోయింది. ఇన్ని రోజులూ ఫోను తీస్తే జ్వరాల గురించి చదవడం, చదివిన ప్రతిదీ మా పాపకే వచ్చిందనుకోవడం. ఇవాళ ఊరికే తీశాను. ఒక వీడియోలో ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు పాత చెత్త సినిమా ఒకటి పెట్టుకుని, అడుగడుక్కీ ఆపి వెక్కిరిస్తున్నారు. తెర మీద ఒక పులి. దాని పొట్ట కింద వేషం కుట్లు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ పులి నాకు తెలుసు.

మా ఊరు చండ్రుగొండ దాటి అశ్వారావుపేట వెళ్ళే దారిలో, అడవి పలచబడి పామాయిల్ తోటలు మొదలయ్యే చోట ఉంటుంది. వానాకాలం వస్తే వెదురు కొమ్ముల కూర, అడవి పుట్టగొడుగులు, పొయ్యి మీద కాల్చిన మొక్కజొన్న కంకులు, ఆ పొగకు కళ్ళు నులుముకుంటూ కూడా కంకి వదలని తమ్ముడు. ఎండాకాలం వస్తే తెల్లవారకముందే బీడీలకు వాడే తునికాకు కోతకు వెళ్ళి, కొంగు నిండా తునికి పండ్లతో తిరిగొచ్చే నాయనమ్మ. చర్చి పక్కిల్లే మాది. చర్చి కప్పు కురిసేది కాబట్టి చర్చివాళ్ళ టీవీ, సీడీ ప్లేయరు మా ఇంట్లోనే దుప్పటి కప్పుకుని ఉండేవి. వాటికి నాయనమ్మ కాపలా. ఆమె లెక్కలో సినిమా, సారా రెండూ ఒకటే. పండగకు యేసు ప్రభువు కథ వేసినప్పుడు తప్ప ఆ దుప్పటి తీయనిచ్చేది కాదు.

ఒక క్రిస్మస్‌కు పాస్టర్ గారు సత్తుపల్లి నుంచి సీడీ ఒకటి కిరాయికి తెచ్చారు. అట్ట మీద పొడవాటి గడ్డం, తెల్లటి అంగీ, చేతిలో కర్ర, వెనక గొర్రెల మంద. ఇంక అనుమానం ఎవరికి వస్తుంది? చర్చి ముందు పందిరి కింద చాపలు పరిచి, చలికి దుప్పట్లు కప్పుకుని, చేతుల్లో అరిసెలు పట్టుకుని ఊరంతా కూర్చుంది. పది నిమిషాలకు ఆ గడ్డం ఆయన మంత్రగాడని, గొర్రెలు బలికి తెచ్చినవని తెలిసింది. ఇంకాసేపటికి కథానాయిక వానలో తడుస్తూ పాట అందుకుంది. పాస్టర్ గారికి కంగారులో ఆపే మీట దొరకలేదు. రెండు చేతులూ బారచాపి టీవీకి అడ్డంగా నిలబడ్డారు. ఆయన కుడికి జరిగితే ఊరి తలలన్నీ ఎడమకు వంగాయి, ఎడమకు జరిగితే కుడికి. చివరికి ఎవరో వైరు పీకడంతో బొమ్మ అక్కడే ఆగింది. థియేటరులో మూడు రోజులు కూడా ఆడని ఆ సినిమాను పక్క ఊళ్ళవాళ్ళు చాన్నాళ్ళు "మీ చర్చి సినిమా" అని మాకు అంటగట్టి ఏడిపించారు. తిరిగి ఇద్దామని వెళ్తే ఆ షాపు ఎత్తేశారు. ఒకళ్ళ వస్తువు పారేయకూడదని నాయనమ్మ ఆ సీడీని పాత క్యాలెండరు కాగితంలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టింది.

ఆ తర్వాతి వానాకాలానికి నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఐదు. అమ్మకు ఎనిమిదో నెల. ఒక పొద్దున నేను లేచేసరికి అమ్మ పడుకున్న చాప మీద రక్తం. నాన్న, ఇంకో ముగ్గురు కలిసి అమ్మను మంచంతో సహా జీపు దాకా మోశారు. ఖమ్మం దవాఖానాకన్నారు. ఊళ్ళో ఫోనున్నది పామాయిల్ తోటవాళ్ళ ఇంట్లోనే, ఏ సంగతైనా ఆ ఇంటామె వచ్చి చెబుతుందన్నారు. అంతకు ముందు ఏడాదే నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళమ్మ అలాగే జీపెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు గానీ, నా తలలో అది తప్ప ఇంకేమీ లేదు. నాయనమ్మ చాప కడిగి ఆరేసింది. గంజి కాచి రెండు గ్లాసుల్లో పోసింది. మేం ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది, ఎవరూ రాలేదు.

"అమ్మ చచ్చిపోతదా నాయనమ్మా?" అని అడిగేశాడు తమ్ముడు.

ఆమె లేచి వెళ్ళి టీవీ మీది దుప్పటి లాగేసింది. బియ్యం డబ్బా వెనక నుంచి ఆ కాగితం చుట్ట తీసి నా చేతిలో పెట్టింది.

"జల్దీ పెట్టవే."

"పాపం కదా నాయనమ్మా?"

"పాపం నా మీద ఏస్కుంట గానీ, నువ్వు పెట్టు."

మా ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని, కాళ్ళు బారచాపుకుని మొదలుపెట్టింది. "ఏందిది, అడివా? ఒక్క తునికి చెట్టన్న ఉందా ఇండ్ల? గా చెట్టును చూడే, నాలుగోసారి వచ్చింది. వీడు ఉరుకుతలేడు, చెట్టే వీని ఎంటబడి ఉరుకుతుంది." యాభై ఏళ్ళు దాటిన కథానాయకుడు పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళ్తుంటే, "పాపం, ఎన్నేండ్ల సంది ఫెయిలైతున్నడో బిడ్డ," అంది. అతను కొండ మీదికి ఎక్కుతుంటే, "జుట్టు పట్టుకోరా, గాలొస్తుంది!" అని అరిచింది. కొండ మీది నుంచి బండరాళ్ళు దొర్లి బొరుగుల్లా ఎగిరిపడ్డాయి. అప్పుడొచ్చింది పులి.

"గది పులా? దానికి పొట్ట ఆపరేషనైంది, కుట్లు గూడ ఇప్పలే. ఇంటికాడ పండుకోక ఎందుకొచ్చినట్టు? మోకాళ్ళ మీద నడుస్తుంది సూడు, ప్రార్థనకే వచ్చినట్టుంది."

తమ్ముడు నవ్వాడు. ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాడు. "పులి ఆకలి మీదున్నది. గంజి నువ్వు తాగుతవా, దానికి పొయ్యాల్నా?" అందామె. వాడు గ్లాసెత్తి గటగటా తాగేశాడు. నేనూ నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది. మళ్ళీ నవ్వాను.

ఆ సినిమాలో తర్వాత ఏముందో నాయనమ్మకు తెలియదు. సగం దాటాక దవాఖానా వచ్చింది. మంచం మీద నిండు గర్భిణి, తలుపు బయట ఏడుస్తూ ఒక పిల్లవాడు. లోపలి నుంచి డాక్టరు వచ్చి, మెల్లగా కళ్ళజోడు తీస్తున్నాడు. నా మోచేతి మీద నాయనమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. మరుక్షణం ఆమె కాలు చాపి, నేల మీదున్న స్విచ్చుబోర్డును బొటనవేలితో నొక్కడం నేను చూశాను. తమ్ముడు చూడలేదు.

"కరెంటు వోయింది," అంది.

"డాక్టరు ఏమన్నడు నాయనమ్మా?"

"ఏమంటడు? కండ్లజోడు తీసిండు గదా, ఏం కనబడక పోయి గోడకు గుద్దుకున్నడు. తల్లి లేచి కూసోని, 'ఓ డాక్టరూ, జోడు పెట్టుకో. నాకు ఆకలైతుంది, జల్దీ ఇంటికి తోలు, నా పిల్లలు గంజి తాగిన్రో లేదో' అని గదిమింది. పులి ఆటో తెచ్చి వాకిట్ల నిలబెట్టింది. తల్లీ బిడ్డా ఎక్కిన్రు."

ఖాళీ టీవీ ముందు ఆ ఆటో ఎన్ని వాగులు దాటిందో, పులి ఎన్నిసార్లు హారను కొట్టిందో. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ వేళ్ళు మాత్రం నా మోచేతిని వదలలేదు.

వాన వెలిసి, పొద్దు వాలుతుండగా తోటవాళ్ళ ఇంటామె చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో వస్తూ, దడి దగ్గరి నుంచే కేకేసింది. "మరియమ్మా! ఫోనొచ్చింది! ఆడపిల్లంట. మీ కోడలికి రక్తం ఎక్కించారంట, ఇంక భయం లేదన్నాడు మీ వాడు!"

"స్తోత్రం," అని నాయనమ్మ లేవబోయింది. కాళ్ళు లేవలేదు. "మొద్దుబారినయే, లేపుండ్రి," అంటే మేమిద్దరం చెరో రెక్క పట్టి లేపాం.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, "నేను సినిమా చూసిన. సగమే చూసిన," అని ఒప్పుకుంది. తమ్ముడు ఆ కథ అప్పటికే ఊరంతా చెప్పాడేమో, వెనక నుంచి ఎవరో, "పులి మంచిగున్నదా మరియమ్మక్కా?" అన్నారు. పాస్టర్ గారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాయనమ్మ పోయి ఆరేళ్ళు. ఆమె తునికాకు కోసిన వైపంతా ఇప్పుడు పామాయిల్ వరసలు. చర్చికి కొత్త స్లాబు పడింది, సినిమా ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుంటున్నారు. ఈ కుర్రాళ్ళ జోకులూ బాగానే ఉన్నాయి గానీ, వాళ్ళ పక్కన గంజి తాగించాల్సిన వాళ్ళెవరూ లేరు. ఆ రోజు పుట్టిన చెల్లెలు ఈ మూడు రోజులూ గంటకోసారి ఫోను చేసి నాకు ధైర్యం చెప్పింది.

ఇందాక ఆ సినిమాను చివరిదాకా చూశాను. డాక్టరు కళ్ళజోడు తీసి తల వంచుకుంటాడు. తల్లి చనిపోతుంది. ఆమె మీద పెద్ద పాట కూడా ఉంది.

పాప జ్వరం సంగతి కనుక్కోవడానికి తమ్ముడు ఫోను చేస్తే, తగ్గిందని చెప్పి, ఆ సినిమా దొరికిందన్నాను. వాడి జ్ఞాపకంలో ఆ రోజు కరెంటు పోనేలేదు.

"డాక్టరు గోడకు గుద్దుకునే సీను వచ్చిందా అక్కా? నేను చెప్తే మా ఆఫీసుల ఒక్కడు నమ్ముతలేడు."

"వచ్చింది తమ్మీ," అన్నాను.